దుఃఖం గడి

శుద్ధ పంచమి

ఇవి పాత లెక్కల ఫారాలు. వెనకవైపు ఖాళీగా ఉంటే రాసుకుంటున్నాను. పలక మీద రాయచ్చు గానీ ఆ పలక నాది కాదు, పాలకసంఘానిది. దాని చెవిన పడిన మాట ఏదో ఒక గడిలో పడి తీరుతుంది. ఇది ఏ గడిలోనూ పడకూడదు. అందుకే పొద్దున్నంతా ఇల్లు తిరగేసి పెన్సిలు ముక్క పట్టుకున్నాను.

నా పేరు మంగతాయారు. నీళ్ళ మీద స్తంభాలెత్తి కట్టిన ఈ ఎత్తూరులో మనసు లెక్క తీసే మనిషిని. ఆరో వంతెన నాది. తొంభై నాలుగు ఇళ్ళు, ఇరవై రెండేళ్ళ నుంచి. పక్షానికి రెండుసార్లు ప్రతి గుమ్మం ముందూ నిలబడి ఒక్కటే ప్రశ్న అడుగుతాను. "మీ ఇంట్లో మనసెలా ఉందండీ?" తలుపు తీసినవాళ్ళు తమ మాటల్లో చెబుతారు. పలక విని, ఆ ఇంటి జవాబుని అయిదు గడుల్లో ఒకదాంట్లో వేస్తుంది. కోపం, భయం, దుఃఖం, ఊరట, ఇతరాలు. ఊళ్ళో మనుషుల్నీ పడవల్నీ ఎక్కడికి పంపాలో సంఘం ఆ గడులు చూసే తేలుస్తుంది. కోపం ఎక్కువుంటే కాపలా పడవలు, భయం ఎక్కువుంటే రేవులకి కొత్త తలుపులు. దుఃఖం ఉంటే గజ ఈతగాళ్ళు, వెతికే దోనెలు. ఏ గడి అయినా నూటికి అయిదు కంటే తగ్గిందంటే దాన్ని తీసేసి ఇతరాల్లో కలిపేస్తారు. ఇతరాలకి ఎవరినీ పంపరు.

విదియ నాడు పొద్దున్న మూడో రేవు లాంచీలో బాంబు పేలింది. ముప్ఫై ఒక్కమంది పోయారు. ఇరవై ఆరుగురు దొరికారు. దొరకని అయిదుగురిలో ఆ లాంచీ నడిపే సరంగు ఒకడు. ఆయన పేరు వీరభద్రం. నా మొగుడు.

ఇవాళ జగ్గారావు వచ్చాడు. లెక్కల ఆఫీసుకి పెద్ద, వయసులో నాకు చిన్న. గుమ్మంలోనే నిలబడి తల గోక్కున్నాడు.

"సెలవు తీసుకోండక్కా. ఆరో వంతెన ఇంకెవరికైనా అప్పజెబుతాను."

"ఎందుకు? ఇంట్లో కూర్చుని స్తంభాల్ని అడగనా, మనసెలా ఉందని?"

"అది కాదండి, ఈ పేలు..." అని ఆగి, నాలిక కరుచుకుని, "ఈ సంఘటన జరిగాక..." అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. అతను ఎందుకు ఆగాడో నాకు తెలుసు. గట్టు వాళ్ళు దీన్ని దాడి అంటున్నారు. పడవ వాళ్ళు పేలుడు అంటున్నారు. నోట్లోంచి ఏ మాట వస్తే ఆ రంగు అంటుకుంటుంది. సముద్రానికి అడ్డంగా గట్టు కట్టుకుని ఇక్కడే ఉందామనేవాళ్ళు గట్టు వాళ్ళు, గుమ్మానికి మట్టిరంగు గుడ్డ కడతారు. ఈ స్తంభాలు వదిలేసి పడవల్లోకి మారిపోదామనేవాళ్ళు పడవ వాళ్ళు, వాళ్ళది నీలం గుడ్డ. నేను పుట్టింది గట్టు ఇంట్లో, మెట్టింది పడవ ఇంట్లో. మా గుమ్మానికి నీలం గుడ్డ ఉంది. ఆయన కట్టిందే.

నేను మటుకు ఆ విదియ అని రాసుకుంటాను.

శుద్ధ అష్టమి

లెక్క రోజు. తెల్లారే లేచి మా ఇంటి స్తంభాలకి పట్టిన గుల్ల గీకాను. పడమటివి రెండూ నావి, తూర్పువి రెండూ ఆయనవి. పెళ్ళయిన కొత్తలో పంచుకున్న పని అది. నావి గీకి పైకి వచ్చేశాను. ఆయనవి ఆయనే వచ్చి గీకుతాడన్నట్టు.

పలకని గోనెగుడ్డ సంచిలో పెట్టుకుని బయల్దేరాను. సంచికి చెవి దగ్గర మాత్రం చిల్లు ఉంటుంది. పలక ఏ గడిలో వేసిందో ఇంటివాళ్ళకీ కనబడకూడదు, మాకూ కనబడకూడదు. అది పద్ధతి.

పేరయ్య బాబాయ్ ఇల్లు మొదటిది, మట్టిరంగు గుడ్డ. ఒకప్పుడు రేవు తలుపులకి కాపలా ఉండేవాడు. కూతురు నాగవేణి అవతలి ఒడ్డున బడిలో పాఠాలు చెప్పేది. రోజూ మా ఆయన లాంచీలోనే వెళ్ళేది. మొదటి రోజే దొరికింది.

"మనసా?" అన్నాడు బాబాయ్. "వాళ్ళని ఒక్కొక్కణ్ణీ ఈ స్తంభానికి కట్టి పోటొచ్చే దాకా ఉంచాలి. అదీ నా మనసు."

"ఎవర్ని బాబాయ్?"

"ఎవర్నేంటి, తెలీనట్టు అడుగుతావు? రేవు తలుపులకవతల తిరిగే ఆ బయటి నీళ్ళోళ్ళని. ఆళ్ళకి తలుపులు తియ్యండి, పాపం, అన్నదెవరు? మీ పడవోళ్ళు కాదూ?"

'మీ పడవోళ్ళు' అన్నాడు. చిన్నప్పుడు నన్ను భుజం మీద ఎక్కించుకుని గట్టు జాతరకి తీసుకెళ్ళిన మనిషి. మా పద్ధతిలో లెక్క మనిషి మాట్లాడకూడదు.

నాలుగిళ్ళ అవతల వీర్రాజు. నీలం గుడ్డ. వలలు అల్లుకుంటాడు. వాళ్ళన్న సత్తిరాజు లాంచీలో టికెట్లు చింపేవాడు. అతనూ దొరికాడు. వీర్రాజు తలుపు సగమే తీశాడు.

"వదినా, ఆ పూట రేవు తలుపు తీసే ఉందంట. తీసిందెవరు? కాపలా ఎవరిది? అదెవరూ అడగరు. రేపు మా ఇళ్ళల్లో పడి సోదాలు చేస్తారు, చూడు. నాకు నిద్దరట్టట్లేదు."

తొంభై నాలుగు ఇళ్ళూ తిరిగాను. సగం మంది ఎవరిని పట్టుకోవాలో చెప్పారు. సగం మంది తమని ఎవరు పట్టుకుంటారో చెప్పారు. నా మొగుడి ఊసు ఇద్దరు ముగ్గురు ఎత్తారు, అదీ నేను వెనక్కి తిరిగాక.

సాయంత్రం బోర్డు మీద ఊరి మొత్తం లెక్క వేశారు. దుఃఖం నూటికి పద్నాలుగు. ఫరవాలేదు, ఈతగాళ్ళు ఉంటారు.

శుద్ధ ద్వాదశి

ఇంకో ముగ్గురు దొరికారు. ఆయన లేడు.

ఈతగాళ్ళ పెద్ద మస్తాన్ తడి బట్టలతోనే మా ఇంటికి వచ్చాడు. వాళ్ళు దీన్ని దాడీ అనరు, పేలుడూ అనరు. మునక అంటారు. వాళ్ళకి అన్నీ మునకలే. ఆ మాట విన్నాక కొంచెం ఊపిరి ఆడింది.

"అక్కా, లాంచీ వెనకభాగం పైకి తీశాం. సరంగు గది విరిగి ముందుకెళ్ళిపోయింది. పాత రోడ్డు వంతెన కింద బురదలో ఇరుక్కుంది. తలుపు కిందికుంది."

"ఆయన అందులోనే ఉన్నాడా?"

"ఉండాలి. ఇప్పుడు నీళ్ళు జాస్తి. పున్నానికి వానలంటున్నారు, నీళ్ళు దిగవు. అమావాస్య పొద్దున్న ఆటు బాగా దిగుద్ది. అప్పుడైతే ముగ్గురం దిగి తలుపు లాగేస్తాం. అందాకా మమ్మల్ని ఉంచాలి కదక్కా."

అందాకా అంటే పౌర్ణమి లెక్క, బహుళ అష్టమి లెక్క. ఆ రెండూ అయిదుకి పైన ఉండాలి. నా ఇరవై రెండేళ్ళలో ఒక గడి నిండాలని కోరుకోవడం ఇదే మొదటిసారి.

పౌర్ణమి

వాన. సంచి తడిసి ముద్దయింది. పలక చెవిలోకి నీళ్ళు పోతే పనిచెయ్యదని సంచి తీసి కొంగు కింద పెట్టుకున్నాను. దాంతో దాని ముఖం నాకు కనబడుతూనే ఉంది. చూడకూడదని తెలుసు, చూశాను.

బాబాయ్ ఇంట్లో ఇవాళ అచ్చియ్యమ్మ పిన్ని తలుపు తీసింది. మనిషి చిక్కిపోయింది. చేతిలో నాగవేణి దువ్వెన ఉంది. ఎందుకు పట్టుకుందో ఆమెకే తెలియదు.

"మీ ఇంట్లో మనసెలా ఉందండీ?" అన్నాను. పిన్నిని అండీ అనాలి, అది పద్ధతి.

"ఏం చెప్పనే తల్లీ... నా కడుపు కాలిపోయింది."

పలక మీద అక్షరాలు వెలిగాయి. కోపం.

నేను పలకని ఒకసారి విదిలించాను. కూతుర్ని పోగొట్టుకున్న తల్లి కడుపు కాలిపోయిందంటే కోపమా? చిన్నపిల్లలకైనా తెలుస్తుంది ఆ మాట. వాన వల్ల చెవి సరిగ్గా వినలేదేమో అనుకున్నాను.

వీర్రాజు ఇంట్లో వాళ్ళమ్మ తీసింది. సత్తిరాజు తల్లి. ఆ ముసలావిడా అదే మాట, అక్షరం తేడా లేకుండా. "కడుపు కాలిపోయిందమ్మా."

పలక రాసింది. భయం.

ఇద్దరు తల్లులు, ఒక్క మాట. నీలం గుడ్డ కింద భయం, మట్టిరంగు గుడ్డ కింద కోపం. ఆ తర్వాత నేను ప్రతి ఇంటి దగ్గరా చూశాను. "గుండె చెరువైంది" అన్నా, "పేగు మెలిపెడుతోంది" అన్నా అంతే. పలక ఇంటి నంబరు చూస్తోంది, దాని కింద రాసున్న రంగు చూస్తోంది, ఆ తర్వాతే వింటోంది. వింటోందో లేదో.

ఊరి లెక్క: దుఃఖం నూటికి ఏడు.

బహుళ తదియ

ఆఫీసుకి వెళ్ళాను. జగ్గారావు ముందు పలక పెట్టి చూసిందంతా చెప్పాను. సంచి తీసినందుకు తిడతాడనుకున్నాను, తిట్టలేదు. లేచి తలుపు దగ్గరికి వేశాడు.

"నాకు తెలుసండి," అన్నాడు మెల్లిగా. "గుడ్డ కట్టని ఇళ్ళ నుంచే దుఃఖం వస్తోంది. రంగు లేని ఇంట్లో పలక మాట వింటుంది. రంగున్న ఇంట్లో రంగు వింటుంది."

"మరి పద్నాలుగు ఏడెందుకయింది?"

"గుడ్డ కట్టని ఇళ్ళు తగ్గిపోతున్నాయి కదండి. ఆ రోజు నుంచి రోజూ పది ఇళ్ళు ఏదో ఒక రంగు కడుతున్నాయి. కట్టకపోతే రెండు వైపులా అనుమానంగా చూస్తున్నారు."

"దీన్ని బాగుచెయ్యి మరి."

"చెయ్యాలంటే సంఘంలో రెండు వైపులా ఒప్పుకోవాలి. మీ వాళ్ళకి అంత కోపం లేదంటే గట్టు వాళ్ళు ఊరుకుంటారా? కాపలా పడవలు పోతాయి. మీ వాళ్ళు భయపడట్లేదంటే పడవ వాళ్ళు ఊరుకుంటారా? ఆ భయం లెక్క లేకపోతే రేపట్నుంచి సోదాలకి అడ్డెవరు?"

"అసలు ఈ దిక్కుమాలిన పలకకి ఇలా వినమని ఎవరు నేర్పారయ్యా?"

జగ్గారావు పాత రికార్డు పెట్టె తెరిచి ఒక జాబితా తీసి నా వైపు తిప్పాడు. పలకలు కొత్తగా వచ్చినప్పుడు వాటికి మాటల అర్థాలు తప్ప ఇంకేమీ తెలియదు. మొదటి రెండేళ్ళు గడి మీద గుర్తు మేమే వేలితో పెట్టేవాళ్ళం. మా గుర్తులు చూసి పలకలు నేర్చుకున్నాయి. అన్నిటికంటే ఎక్కువ ఎవరి గుర్తుల నుంచి నేర్చుకున్నాయో ఆ జాబితాలో ఉంది. మొదటి పేరు మంగతాయారు, ఆరో వంతెన.

"మీరే అందరికంటే చురుకండి అప్పట్లో," అన్నాడు నేల చూస్తూ.

అవును, చురుకే. పోటు రాకముందే తొంభై నాలుగు ఇళ్ళూ ముగించేదాన్ని. ఎలా ముగించేదాన్నో ఎవరూ అడగలేదు. దూరం నుంచే గుడ్డ రంగు చూసి గుర్తు పెట్టేసి, ఆ తర్వాత తలుపు కొట్టేదాన్ని. ఎలాగూ అదే చెబుతారు కదా అని. వాళ్ళు చెబుతుంటే తల ఊపుతూ పక్కింటి గుడ్డ చూసేదాన్ని. రెండో ఏడు చివర సంఘం నాకు బహుమతి కూడా ఇచ్చింది. ఇత్తడి మరచెంబు, మూత మీద నా పేరు చెక్కి మరీ. ఆయన దాన్ని చూసి మురిసిపోయి, రోజూ దాన్నిండా మజ్జిగ పోయించుకుని లాంచీకి పట్టుకెళ్ళేవాడు. ఆ విదియ నాడు కూడా పట్టుకెళ్ళాడు.

ఇంటికి ఎలా వచ్చానో గుర్తులేదు.

బహుళ పంచమి

నిన్న ఏమీ రాయలేదు. సిగ్గుగా ఉంది.

ఇవాళ పలక ముందు పెట్టుకుని కూర్చున్నాను. లెక్క రోజు కాకపోతే అది వింటుంది, చూపిస్తుంది, దాచుకోదు. ఒకసారి బాబాయ్ ఇంటి నంబరు, ఒకసారి వీర్రాజు ఇంటి నంబరు కొట్టి నాకు తెలిసిన మాటలన్నీ చెప్పాను. గుండె బరువెక్కింది. కాళ్ళూ చేతులూ ఆడట్లేదు. దిగులుగా ఉంది. ఇల్లు బోసిపోయింది. అన్నిటికీ అదే తంతు, కోపం, భయం, కోపం, భయం. "దుఃఖంగా ఉంది" అని చూశాను. "ఫారం మాట వద్దు, సొంత మాట చెప్పండి" అంది. గడుల పేర్లు అది ఒప్పుకోదు, ఎవరూ నేర్పించి చెప్పించకుండా.

చివరికి విసుగొచ్చి, "నీ దుంపతెగ, నాకు ఏడుపొస్తోందే" అన్నాను.

దుఃఖం, అంది పలక.

నంబరు మార్చి మళ్ళీ అన్నాను. దుఃఖం. మట్టిరంగుకీ అదే, నీలానికీ అదే.

ఎందుకో ఆలోచిస్తే అర్థమయింది. ఎత్తూరులో గుమ్మంలో నిలబడి ఏడుపు అనే మాట ఎవరూ అనరు. గుమ్మంలో ఆ మాట అంటే పోటు విని ఇంట్లోకి వస్తుందని మా నమ్మకం. అప్పుడే మాటలు నేర్చిన పిల్లలు అన్నా నోటి మీద ఒకటి వేస్తారు. కడుపు అంటాం, గుండె అంటాం, పేగు అంటాం, ఆ మాట మాత్రం అనం. ఇరవై రెండేళ్ళలో ఏ గుమ్మంలోనూ వినలేదు కాబట్టి నేను దానికి ఏ గుర్తూ పెట్టలేదు. నేను పాడుచెయ్యని మాట అదొక్కటే మిగిలింది, దాని మొదటి అర్థంతో.

జనం నోట ఆ మాట అనిపించాలి. లెక్క మనిషి జవాబు నేర్పితే ఉద్యోగం ఊడుతుంది. ఊడనీ.

బహుళ అష్టమి

మొదట ప్రశ్న అడగలేదు. ప్రతి గుమ్మం ముందూ నిలబడి నేనే అన్నాను. "నాకు ఏడుపొస్తోందండీ. మీకెలా ఉంది?"

ఇవాళ వంతెన అవతలి చివర నుంచి మొదలుపెట్టాను. మొదటి ఇంట్లో అనే ముందు కింద నీళ్ళ వైపు చూశాను, నిజంగానే వింటాయేమో అని. ఇన్నేళ్ళు ఇన్ని గుమ్మాల ముందు నిలబడ్డాను గానీ నా మనసెలా ఉందో ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

కొందరు తలుపు వేసేశారు. ఒకావిడ నోటి మీద చెయ్యి వేసుకుని లోపలికెళ్ళి గుమ్మం మీద పసుపునీళ్ళు చల్లింది. కొందరు గొంతు తగ్గించి, "నాకూ అంతేనమ్మా, ఏడుపొస్తోంది" అన్నారు. అన్నాక గుమ్మం పట్టుకుని అక్కడే కూర్చుండిపోయారు. వాళ్ళలో నీలం వాళ్ళూ ఉన్నారు, మట్టిరంగు వాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో చాలామందికి ఆ లాంచీలో సొంతవాళ్ళెవరూ లేరు.

వీర్రాజు గొణిగాడు. "ఏడుపంటే భయపడ్డామనుకుంటారు వదినా." లోపల్నుంచి వాళ్ళమ్మ అరిచింది. "అనుకోనీరా! ఏడుపొస్తోందని చెప్పు!" అతను తల వంచుకుని చెప్పాడు.

అచ్చియ్యమ్మ పిన్ని చెబుతుందని నాకు గట్టి నమ్మకం. కానీ తలుపు తీసింది బాబాయ్. నా మాట విని నోరు తెరిచాడు. చెబుతాడు, ఇప్పుడు చెబుతాడు అనుకున్నాను. ఆయన తలెత్తి గుమ్మానికున్న గుడ్డ వైపు చూశాడు. వంతెన మీద ఎవరైనా ఉన్నారేమోనని అటూ ఇటూ చూశాడు.

"నా రక్తం మరుగుతోంది," అన్నాడు పలకకి వినబడేలా. "అంతే. ఇంకేం లేదు."

తలుపు వేసుకున్నాడు. తలుపు వెనక ఆయన గొంతు విన్నాను. పలక చెవికి అంత దూరం వినబడదు.

బహుళ నవమి

లెక్క వచ్చింది. ఆరో వంతెన మీద దుఃఖం నూటికి ముప్ఫై ఎనిమిది. మిగిలిన పదహారు వంతెనల మీద ఒకటో రెండో. ఊరు మొత్తం కలిపితే నాలుగు.

జగ్గారావు స్వయంగా వచ్చి చెప్పాడు. "పైనుంచి అడిగారండి, ఆరో వంతెన పలక చెడిపోయిందా అని. నేను... అవునన్నాను. లేకపోతే మీ మీదికొచ్చేది."

నా పలక తీసుకుని కొత్తది ఇచ్చాడు. దాని మీద నాలుగు గడులు. కోపం, భయం, ఊరట, ఇతరాలు.

"నాలుగో వంతెన లెక్క మనిషికీ ఏడో వంతెన మనిషికీ చెప్పకపోయానే," అన్నాను. "అందరూ కలిసి ఆ మాట అనుంటే..."

"ఎవరంటారండి?" అన్నాడు.

నిజమే. ఇరవై రెండేళ్ళు నేను అనలేదు.

మస్తాన్ వాళ్ళు నీళ్ళలో ఊపిరికి వాడే గాలి సంచులు సంఘం వెనక్కి తీసుకుంది. ఈతగాళ్ళని కొత్త రేవు తలుపులు బిగించే పనికి పంపారు. నిన్నటికి ముప్ఫైమంది దొరికారు. ఇంకా నీళ్ళలో ఉన్నది నా మొగుడొక్కడే.

అమావాస్య

పొద్దున్నే ఆయన దోనె వేసుకుని పాత వంతెన దగ్గరికి వెళ్ళాను. ఈత రాదు నాకు. ఏం చేద్దామని వెళ్ళానో తెలియదు. ఆటు బాగా దిగింది. బురదలోంచి సరంగు గది పైకప్పు చేటంత మేర బయటపడింది. ఆ ఎర్ర రంగు నేనే కొన్నాను.

మస్తాన్ వచ్చాడు, గాలి సంచి లేకుండా, ఒక్కడే. మిగతావాళ్ళు రాలేమన్నారట. వాళ్ళని తప్పు పట్టను. వెనకాలే వీర్రాజు పడవ, తాళ్ళతో. ఆ వెనక ఇంకో చిన్న దోనె. తెడ్డు వేస్తున్నది పేరయ్య బాబాయ్. ఆ దోనె కొమ్మున ఎప్పుడూ మట్టిరంగు గుడ్డ ఎగురుతూ ఉండేది. ఇవాళ ఉత్త కర్రే ఉంది.

బాబాయ్, వీర్రాజు ఒకరినొకరు పలకరించుకోలేదు. ఒకే తాడు చెరో చివరా పట్టుకున్నారు. మస్తాన్ తాడు మధ్య భాగం పట్టుకుని మునిగాడు. తలుపుకి కట్టి పైకి వచ్చి "లాగండి" అన్నాడు. లాగారు. బాబాయ్ అరచేతులు కోసుకుపోయాయి. తలుపు కదల్లేదు. మస్తాన్ మళ్ళీ మునిగాడు. నాలుగుసార్లు మునిగాడు. నాలుగోసారి చాలాసేపు రాలేదు. వచ్చాక దోనె అంచు పట్టుకుని రొప్పుతూ నా వైపు చూశాడు.

"ఉన్నాడక్కా. అద్దం పగిలిన సందులోంచి చెయ్యి పెట్టాను. ఆయన చెయ్యి తగిలింది."

నేను దోనె అంచు మీంచి ఆ ఎర్ర కప్పు వైపు వంగాను.

"బయటికి రాడు. తలుపు బురదలో కూరుకుపోయింది. ఇంకో ఇద్దరుండి, గాలుంటే లాగేసేవాణ్ణి. పున్నానికి మళ్ళీ ఆటొస్తది గానీ, అప్పటికి బురద కప్పెక్కేస్తది." అని, నడుముకి కట్టుకున్నదేదో విప్పి నా ఒళ్ళో పెట్టాడు. "ఇది మటుకు సందులోంచి వచ్చింది."

మరచెంబు. మూత మీద నా పేరు. ఆ మూత బిగించిందీ నేనే. ఊపితే లోపల మజ్జిగ ఇంకా కదులుతోంది.

నీళ్ళు తిరిగాయి. పోటు మొదలయింది. ఎర్ర కప్పు చూస్తుండగానే మునిగిపోయింది. ముగ్గురూ తాడు పట్టుకునే ఉన్నారు, ఇక లాగి ప్రయోజనం లేదని తెలిసినా.

బాబాయ్ తన దోనె నా దోనె పక్కకి తెచ్చాడు. నడి నీళ్ళలో, పోటు మీద, గట్టిగా అన్నాడు.

"ఏడుపొస్తోందే తాయారూ. ఆ రోజు గుమ్మంలో చెప్పలేకపోయాను. గుడ్డ ఉంది కదే... నాకు ఏడుపొస్తోంది. వింటే విననీ."

చెప్పాల్సిన రోజు దాటిపోయిందని ఆయనకీ తెలుసు. నేను ఆయన చేతులు పట్టుకున్నాను. మా ఇద్దరి అరచేతులూ ఆయన రక్తంతో తడిశాయి.

ఇంటికి వచ్చి తూర్పు స్తంభాల గుల్ల గీకాను. చాలా పట్టింది. ఇక అవీ నావే.

ఇవాళ లెక్క రోజు కూడా. వంతెనంతా తిరిగి వచ్చాను. లెక్క మనిషి ఇల్లు ఆఖరున. ఎవరికి వాళ్ళే అడిగి, చెప్పుకోవాలి. కొత్త పలకని గుమ్మంలో పెట్టి, ఎదురుగా నిలబడి, "మీ ఇంట్లో మనసెలా ఉందండీ?" అన్నాను.

"ఏడుపొస్తోంది," అన్నాను.

పలక కాసేపు తడుముకుంది. పాత గడి కోసం వెతుకుతున్నట్టుంది. తర్వాత రాసింది.

ఇతరాలు.